దిగబడ్డ ట్రాక్టరూ, వంకర గట్టూ

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువేం కాదు, సరిపడా ఉంది. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ, ఏటా పరీక్ష హాళ్ళలో కాపలా కాస్తూ బతికినదాన్ని. చీటీ దాచుకున్నవాడు తల దించుకుంటాడని జనం అనుకుంటారు. దించుకోడు. మెడంతా మనవైపు తిప్పి, అవసరానికి మించి నిటారుగా మన మొహంలోకి చూస్తాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అలాంటి చూపు మా అన్నయ్య కళ్ళలో కనిపించిన రోజు నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

మా నాన్న పసుపు కుంకుమ కింద నాకు ఎకరం రాసిచ్చాడు. కూచిపూడి వైపు వెళ్ళే దారిలో, బండ్లు పోయే పుంత పక్కన. ఒకప్పుడు అదంతా ఒకే చేను. నాకిచ్చిన ఎకరం మెరక చేయించి తోట పెట్టించాడు, మిగిలింది అన్నయ్యకు వచ్చింది. మధ్యలో ఒక గట్టు. అటు అన్నయ్య వరి, ఇటు నా కొబ్బరి, జామ, నాలుగు వరసల అరటి. మేం బెజవాడలో ఉద్యోగాలు చేసుకుంటున్నాం గనక దున్నడం, నీళ్ళు పెట్టడం అన్నయ్యే చూసేవాడు. అరటి గెల కోస్తే తెలిసిన బస్సు డ్రైవరుకు అప్పగించి ఫోన్ చేసేవాడు, మా ఆయన వెళ్ళి దింపుకునేవారు. చాలా ఏళ్ళు అలాగే సాగింది, నేనూ ఏ అనుమానమూ లేకుండా ఆ పళ్ళు తిన్నాను.

డెల్టాలో పుట్టనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మావైపు గట్టు చెక్కడం అని ఒక విద్య ఉంది. నాట్లకు ముందు గట్ల మీది గడ్డి పారతో చెక్కి, బురద మెత్తి, బాగుచేసుకుంటారు. చెక్కేటప్పుడు పార నాలుగు వేళ్ళు లోపలికి పడిందంటే ఎవరూ గమనించరు. మళ్ళీ ఏడాది ఇంకో నాలుగు వేళ్ళు. మిగతా లోకంలో గట్లు పెట్టినచోటే ఉంటాయి, మా డెల్టాలో మటుకు నడుస్తాయి. మా ఊళ్ళో మాటల్లేని అన్నదమ్ముల ఇళ్ళు చూస్తే సగం ఇళ్ళలో గొడవ గట్టుతోనే మొదలైంది. మాటలు పోయాక పెళ్ళిళ్ళకు పిలుపులు పోతాయి, ఆ తర్వాత చావుకి కూడా ఎవరో చెబితే తెలుస్తుంది.

మా గట్టు వంకరపోయిందని నేను మొదట చూసింది ఒక వేసవిలో. అంతకుముందు బద్ద పెట్టి గీసినట్టుండేది. ఇప్పుడు మధ్యలో ఒకచోట నా జామచెట్ల మీదికి పొట్ట వేసింది. అన్నయ్య పనితనం నాకు తెలుసు. తను మెత్తిన గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోవచ్చు. అలాంటివాడి గట్టు వంకరపోయిందంటే కావాలని పోనిచ్చినదే అనుకున్నాను.

అనుమానం ఒకసారి వచ్చాక ఇక ప్రతిదీ దానికి సాక్ష్యం చెబుతుంది. ఆ వానాకాలం తన చేలో నీళ్ళు పారే మడవ కట్టకుండా వదిలేశాడు, నీళ్ళు పొర్లి నా అరటి మొదళ్ళు కుళ్ళాయి. పొరపాటున మర్చిపోయానన్నాడు. నీళ్ళ దగ్గర మా అన్నయ్య మర్చిపోవడమా? గుడివాడలో ఒక పెళ్ళికి వెళ్తే, అన్నాలకు లేచినప్పుడు నా భుజం పక్కనుంచే నడిచి వెళ్ళాడు గానీ పలకరించలేదు. ఇంకోసారి మా ఆయన బందరు రోడ్డు మీద బస్టాపులో చూశారట. బెజవాడ వచ్చి మా ఇంటి గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఫోన్ చేసి అడిగితే ఆటోనగర్‌లో ట్రాక్టరు సామాను కోసం వచ్చానన్నాడు. చేతిలో ఏ సామానూ లేదని మా ఆయన చెప్పారు. వకీలు దగ్గరికి వచ్చి ఉంటాడని నేను తేల్చేశాను.

పైగా కొత్తగా ట్రాక్టరుకు డ్రైవరును పెట్టుకున్నాడు. చక్రం ఇంకొకరి చేతికిస్తే ప్రాణం పోయినట్టు చూసే మనిషి, గట్టు మీద నిలబడి పెత్తనం చేస్తున్నాడు. మోతుబరి అయిపోయాడులే అని మా ఆయన దగ్గర వెటకారం చేశాను. నేను ఎదురుపడినప్పుడల్లా మెడంతా తిప్పి, నిటారుగా నా మొహంలోకి చూసి మాట్లాడేవాడు. అదే ఆ చీటీ చూపు. ఎకరం మీద కన్నేశాడు, తోట పాడైతే విసుగొచ్చి నేనే ఇచ్చేస్తానని కాచుకున్నాడు అని నాకు నేను నిరూపించుకున్నాను. భూమిలో జానెడు పోతే పోయింది. అది తీసుకున్నది అన్నయ్య అయితే ఇక నాకు పుట్టింటి వైపు ఎవరూ మిగలరు. ఆ భయంతో నిద్ర పట్టేది కాదు, ఆ భయాన్ని కోపంగా మార్చుకుని తిరిగేదాన్ని.

అన్నయ్య ట్రాక్టరు మన తోటలోకి రావడానికి వీల్లేదని పట్టుబట్టి, చిన్న తోట ట్రాక్టరు కొనిపించాను. పాతదే. మా ఆయన ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన మనిషి. ఆదివారాలు దాన్ని నడపడం నేర్చుకున్నారు, పిల్లాడికి బొమ్మ దొరికినట్టు మురిసిపోయారు కూడా. సంగతి చెబితే అన్నయ్య "మంచిదేలే" అని ఊరుకున్నాడు. కోపమన్నా తెచ్చుకోవాలి కదా, అదీ లేదు. ఎక్కడో ఏదో ఉందని నాకు ఇంకా గట్టిపడింది.

ఆ ఆదివారం శ్రావణమాసపు ముసురు తెరిపిచ్చింది. పొద్దున్నే వెళ్ళాం. కొబ్బరి వరసల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. మా ఆయన రొటవేటరు తగిలించుకుని రెండు వరసలు చక్కగా దున్నారు. మూడో వరస గట్టు పక్కది. అక్కడ నేల పల్లం, పైన గడ్డి పచ్చగా ఉంది గానీ అడుగున ఏముందో తెలియదు. ఆయన దూరంగానే మళ్ళించబోయారు. గట్టు మొదలు దాకా దున్నితేనే మన హద్దు మనదని తెలుస్తుందని, ఇంకాస్త ముందుకు పోనివ్వమన్నాను.

పోనిచ్చారు. వెనక చక్రాలు ఒక్కసారిగా కూర్చున్నాయి. నల్లరేగడి నేల తడిస్తే పట్టు ఎలా ఉంటుందో మావాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆయన కంగారులో ఇంకా గట్టిగా రేజ్ చేశారు, చక్రాలు ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి. నా చీర నిండా బురద చిమ్మింది. ఇంజను ఆపి దిగేసరికి బండి పొట్ట నేలకు ఆనింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్లేదే పెద్దలు" అన్నారు ఆయన, తన కాళ్ళు చూసుకుంటూ.

రొటవేటరు పిన్నులు ఊడదీసి దాన్ని అక్కడే వదిలేశాం. చక్రాల ముందు బురద తోడి కొబ్బరి మట్టలు వేశాం. బురద వాటిని మింగింది. గోతాలు పరిచాం, వాటినీ మింగింది. ట్రాక్టరు మా రెండు ప్రాణాలు తోడేస్తూ ఇంకో జాన కిందికి పోయింది.

ఈలోగా గట్టు అవతల అన్నయ్య వచ్చి నిలబడ్డాడు. తన చేలో నీళ్ళు పెట్టి దున్నే దమ్ము అయింది, నాట్లు ఇంకా పడలేదు, డ్రైవరు ఆ చివర బండి తిప్పుతున్నాడు. అన్నయ్య మెడంతా తిప్పి ముందు ట్రాక్టరును, తర్వాత చక్రాలను, తర్వాత నన్ను చూశాడు. అంత తీరిగ్గా చూడ్డం ఎగతాళిగా తోచింది నాకు.

"బావగారూ, ఎనక నుంచి లాగితే రాదండి. చెట్ల మధ్యన మా బండి పట్టదు" అన్నాడు. "దీని ముక్కు ఎటూ ఇటే ఉంది. గట్టు కొట్టేసి ఇటేపు లాగుదాం. దమ్ము చక్రాలున్నై గదా, మా బండి దిగబడదు."

గట్టు కొట్టేసి అన్న మాట చెవిలో పడగానే నాకు అంతా అర్థమైపోయింది. గట్టు కొట్టాక మళ్ళీ వేసేది ఎవరు? తనే. ఎక్కడ వేస్తాడు? తనకు నచ్చినచోట. ఇన్నాళ్ళూ నాలుగు వేళ్ళు చొప్పున తిన్నది ఇవాళ ఒక్క దెబ్బతో బారెడు చేసుకోవచ్చు. ఆ అవకాశం తోట ట్రాక్టరు మీద ఎక్కించి నేనే తీసుకొచ్చి ఇచ్చాను. మా ఆయన అప్పుడే తల ఊపబోతున్నారు. గట్టు జోలికి ఎవరూ రావద్దని, మా తిప్పలేవో మేం పడతామని చెప్పాను. గట్టు అన్న మాట నేను ఒత్తి పలకడం అన్నయ్య గమనించాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే కదా అనుకున్నాను. తను కొంచెం దూరం వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు.

తర్వాత మేం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వెనక చక్రాలు రెండింటికీ అడ్డంగా దుంగ కట్టి తిప్పితే బండి దుంగ మీద ఎక్కి బయటికి వస్తుందని మా ఆయన ఎవరి దగ్గరో విన్నారు. తాటి దుంగ ముక్క ఒకటి దొర్లించుకొచ్చి కట్టాం. ఆయన ఎక్కి గేరు వేశారు. చక్రాలు తిరగలేదు, దుంగ కదల్లేదు, బండి ముందరి భాగం గాలిలోకి లేచింది. ఆయన మీద తిరగబడుతుందనుకున్నాను. గట్టు మీద నుంచి అన్నయ్య "క్లచ్చి తొక్కండి" అని అరిచాడు, ఆయన తొక్కారు, ముక్కు దబ్బున కింద పడింది. మా ఆయన దిగివచ్చి చెట్టు మొదట్లో కూలబడి మంచినీళ్ళు అడిగారు.

మధ్యాహ్నం దాటింది, తూర్పున మబ్బు కమ్ముతోంది. వాన పడితే ఇంజనులోకి నీళ్ళు పోతాయి. మింగలేక కక్కలేక, సరే గట్టు కొట్టండి అన్నాను. కానీ అలా ఊరికే కొట్టనిస్తానా? ముందు హద్దు గుర్తు పెట్టుకోవాలన్నాను. కొబ్బరి మట్టల్ని పుల్లలుగా చీల్చి గట్టుకు అటూ ఇటూ పాతి, పుల్ల నుంచి పుల్లకు పురికొస లాగి కట్టాను. తోబుట్టువు ఎదురుగా నిలబడి ఉండగా ఆ పని చేశాను. మా ఆయన సిగ్గుతో వెళ్ళి డ్రైవరును పిలుచుకొస్తానని చేలోకి దిగిపోయారు. అన్నయ్య చేలో నీళ్ళు బోదె కాలువలోకి వదిలి, పార తీసుకుని వచ్చాడు. మొహంలో ఏమీ లేదు.

మొదటి పార వేటు సరిగ్గానే వేశాడు. రెండోది వేస్తూ వేస్తూ కాలు పక్కకు వేశాడు, ఒక పుల్ల విరిగింది. ఆగలేదు. మూడో వేటుకు పురికొస తెగి పారకు చుట్టుకుంది. అప్పటికీ ఆగలేదు, ఆ తాడు ఈడ్చుకుంటూనే ఇంకో రెండు పుల్లలు పెళ్ళగించాడు. నా కళ్ళ ముందే, ఇంత పచ్చిగా! నాకు ఒళ్ళు మండిపోయింది.

"కళ్ళు పోయినయ్యా నీకు?" అన్నాను.

అన్నయ్య పార దించాడు. వంగి, కాలి దగ్గర చేత్తో తడిమాడు. తెగిన కొస చేతికి తగిలింది. దాన్ని కళ్ళ ముందుకు తెచ్చుకుని చూశాడు.

"పోలేదే," అన్నాడు. "పోతన్నై."

నాకు వెంటనే అర్థం కాలేదు. తనే మెల్లగా చెప్పాడు. ఎదురుగా ఉన్నది కనపడుతుందట, పక్కలు కనపడవట. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట, ఆ గొట్టం ఏటికేడు సన్నబడుతోందట. నీటికాసులు, గ్లకోమా అంటారే, అదేనట. బెజవాడ కంటాసుపత్రిలో చూపించుకుని చుక్కలు వేసుకుంటున్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలిస్తే చాలన్నారట. బండి నడుపుతూ ఒకరోజు పుంత మీద ఎవరి గేదెనో గుద్దబోయాడు. ఆ రోజే చక్రం డ్రైవరుకిచ్చేశాడు.

"మీ వదినకి చెప్పమాక," అన్నాడు. "తెలిస్తే నన్ను చేలోకి రానీదు. ఇంట్లో కూచోబెడద్ది. కూచుంటే నేను బతకనే."

మంచి మనసున్న మనిషి అయితే అక్కడికక్కడ కరిగిపోయి ఉండేది. నాకు ముందు వచ్చిన ఆలోచన, ఇది కథేమో అని. దొరికిపోయినవాడు కడుపునొప్పి అని పడిపోవడం పరీక్ష హాల్లో ఎన్నిసార్లు చూడలేదు? అన్నయ్య పారమీద చేతులు ఆన్చి చేను వైపు చూస్తున్నాడు. నేను పక్కకు జరిగి, తన చెవికి దగ్గరగా చెయ్యి చాచి, వేళ్ళు ఆడించాను. అన్నయ్య రెప్ప కదల్లేదు. ఇంకా ముందుకు, కణత దాకా తెచ్చాను. కదల్లేదు. కణత దాటి కంటికి ఎదురుగా వచ్చాక ఉలిక్కిపడి, నా చెయ్యి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

నేనేం చేస్తున్నానో తనకు తెలిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాన్ని బురద చేతుల్తో తుడుచుకుంటే మొహమంతా బురదైంది. గుడివాడ పెళ్ళిలో నేను తన పక్కన నిలబడ్డాను, ఎదురుగా కాదు. గట్టు ఎందుకు పొట్ట వేసిందో, మడవ ఎందుకు మర్చిపోయాడో, ఎందుకు అలా మెడంతా తిప్పి చూస్తాడో, ఒకదాని వెనక ఒకటి లెక్క తేలుతూ పోయింది. లెక్కల టీచర్నై ఉండి ఇంతకాలం తప్పు జవాబుకు మార్కులు వేసుకుంటూ కూర్చున్నానని సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. భూమి పోతే కోర్టుకెళ్ళచ్చు, ఇది పోతే ఎక్కడికెళ్ళి అడుగుతాం?

అన్నయ్య మిగతా గట్టు కొట్టేసేలోపు డ్రైవరు బండి తీసుకొచ్చాడు. గట్టు తెగినచోట బురద తొక్కుకుంటూ ఇనప చక్రాల బండి వెనక్కు వచ్చి ఆగింది. గొలుసు తగిలించే పని అన్నయ్య ఎవరికీ ఇవ్వలేదు. బురదలో బోర్లా వంగి, మోచెయ్యి దాకా ముంచి, మా బండి ముందు కొక్కెం చేత్తో వెతికి పట్టుకుని బిగించాడు. ఆ పనికి కళ్ళు అక్కర్లేదు. తర్వాత నేను తన చెయ్యి పట్టుకుని గొలుసుకు దూరంగా తీసుకొచ్చి నిలబెట్టాను. మా ఆయన అది చూసి, పొద్దుటి నుంచీ కారాలూ మిరియాలూ నూరిన దానికి ఇప్పుడేమొచ్చిందని ఆశ్చర్యంగా చూశారు. అసలు సంగతి ఆయనకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

మా ఆయన మా బండి ఎక్కి ఇంజను వేశారు, మెల్లగా పోనిమ్మని అన్నయ్య డ్రైవరుకు చెప్పాడు. గొలుసు బిగిసింది. కాసేపు రెండు ఇంజన్లూ అరిచాయి గానీ ఏమీ కదల్లేదు. ఆ తర్వాత నేల అడుగు నుంచి ఉడికే అంబలి శబ్దం లాంటిది వచ్చి, బురద పట్టు వదిలింది. మా ట్రాక్టరు ముక్కు పైకెత్తి, నేను పాతిన పుల్లల్నీ, తాడునూ, గట్టు మిగిలిన ముక్కల్నీ నలగదొక్కుకుంటూ అన్నయ్య చేలోకి దిగింది. దాన్ని అలాగే చేనుకు అడ్డంగా లాక్కెళ్ళి పుంత మీద వదిలారు. మా ఆయన చెప్పులు రెండూ ఆ గుంటలోనే ఉండిపోయాయి.

వాన ఇంకా పడలేదు. గట్టు అలా వదిలేసి వెళ్తే తెల్లారి కాలువ నీళ్ళు పెట్టగానే చేనంతా నా తోటలోకి దిగుతుంది. చీకటి పడకముందే వేసెయ్యాలన్నాడు అన్నయ్య. తెగినచోటికి అటు ఒక కొస, ఇటు ఒక కొస గట్టు మిగిలి ఉంది గానీ, వంకర గట్టు గనక రెండు కొసలూ ఒకదానికొకటి ఎదురుగా లేవు. అప్పుడే మొదటిసారి గట్టును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సరిగ్గా చూశాను. నా జామచెట్ల మీదికి పొట్ట వేసిన మాట నిజమే. ఇంకో రెండుచోట్ల తన చేలోకి కూడా అంతే పొట్ట వేసింది. అవి ఇంతకుముందూ అక్కడే ఉన్నాయి, నేను అటువైపు చూడలేదు.

పురికొస ముక్క ఒకటి ఏరి ముడేశాడు అన్నయ్య. ఒక కొస మా ఆయనకిచ్చి, రెండోది నా చేతికిచ్చాడు.

"నా కళ్ళకి ఆ కొస ఆనడంలా అమ్మాయ్," గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు ఎక్కడ పట్టుకుంటే అదే హద్దు. అక్కడే వేస్తా."

అనేసి వంగి, ఎడమచేత్తో తాడు తడుముకుంటూ, కుడిచేత్తో బురద పెళ్ళలు తీసి పేర్చడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు, నావైపు చూడలేదు. నేను చెయ్యి జానెడు అటు జరిపితే గట్టు జానెడు అటు పడుతుంది. అన్నయ్యకు తెలియదు, మా ఆయన కనిపెట్టరు. జరపాలని నాకు లేదు. లేదనే అనుకున్నాను. అయినా గట్టు పూర్తయ్యేదాకా తాడు పట్టుకున్న నా చేతి మీద నుంచి నేను కళ్ళు తిప్పలేదు.